మోకాలెత్తు కోత

వరి కోతలో ఏముందమ్మా, వంగడమూ కోయడమూ అంతేగా, అని మొన్న ఒక పెద్దమనిషి మా ఇంటికొచ్చి, మా కుర్చీలో కూర్చుని, మా టీ తాగుతూ అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన చేతిలో గ్లాసు లాక్కోలేదంటే ఈ వయసులో నాకొచ్చిన మర్యాద అనుకోవాలి. ఆయన వెళ్ళగానే నోటుపుస్తకం తీసుకుని కూర్చున్నాను. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి, ఇక్కడ రంగూన్‌లో తెలుగు చర్చిలో ఆడవాళ్ళకి సాయంత్రాలు చెప్పిన పాఠాల పుణ్యమా అని. ఆలస్యంగానైనా వచ్చాయి కదా, ఒక మనిషి గురించి రాయడానికి వాడుకుంటాను.

అవి పంతొమ్మిది వందల ఇరవైలనాటి రోజులు. మా వైపు జనం రంగూన్‌ని రంగం అనేవారు. శ్రీకాకుళం వైపు నుంచి, గంజాం వైపు నుంచి జట్లు జట్లుగా ఓడెక్కేవాళ్ళం. మేస్త్రీ ఊరూరా తిరిగి మనుషుల్ని పోగుచేసి తీసుకొచ్చేవాడు. దిగాక రంగంలోనే లత అనే పేటలో ఒక మేడ కింద గదిలో నాలుగు రోజులు. ఆ తర్వాత సంపాన్ పడవలెక్కి నది దాటి, తన్లిన్ ఊరి అవతలి పొలాలకి. కోతలయ్యాక మళ్ళీ ఇటొచ్చి బియ్యం మిల్లుల్లో బస్తాల మోత. ఎండలు ముదిరాక కొందరు ఇంటికి వెళ్ళేవారు, కొందరు ఇక్కడే ఉండిపోయేవారు.

మా జట్టులో పద్దెనిమిది మందిమి, ఆడవాళ్ళం ఐదుగురం. నాకు పెళ్ళయి రెండేళ్ళు. మా ఆయనా జట్టులోనే. ఆయన నెమ్మదస్తుడు, నాకు నోరెక్కువ. దాచుకోవడం దేనికి? ఓడలోనే ముగ్గురితో తగువు పెట్టుకున్నాను, అందులో ఒకడు ఓడ వంటవాడు.

జట్టులో అందరికన్నా పేరున్న మనిషిని, మా వైపు అక్కని పిలిచినట్టు, అందరూ అప్ప అనేవారు, ఆవిడకన్నా పెద్దవాళ్ళు కూడా. నలభై దాటింది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. మరుదుల ఇంట్లో వీధరుగు మీద ఒక మూల ఇచ్చి, మిగిలింది పెట్టి, దానికి వంద మాటలు అనేవారట. ఒక ఏడాది కొడవలి చీర చెంగులో చుట్టుకుని రంగం ఓడెక్కేసింది. అప్పటినుంచి ఏటా వస్తూనే ఉంది. ఆవిడ పక్క మునుము పట్టడమంటే భయపడేవారు మగవాళ్ళు. మునుమంటే చేలో ఒక్కొక్కరికి వచ్చే కోత వరస. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎవరి వరస వాళ్ళు కోసుకుపోవాలి. అప్ప తన మునుము ముగించి, అవతలి గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటే, మగవాళ్ళు ఇంకా సగంలో రొప్పుతూ ఉండేవారట. ఇవన్నీ నేను ఓడలో విన్నవి. వినీ వినీ ఆవిడ కోత చూడకుండానే సగం అసూయ పడ్డాను.

ఇక కోత సంగతి. మా ఊళ్ళో వరి మొదలంటా కోస్తాం. గడ్డి పశువులకి కావాలి, ఇంటి కప్పుకి కావాలి. ఒక బెత్తెడు మొదలు కొయ్యకాలుగా నేలలో వదిలితే రైతు ఊరంతా వినేలా తిడతాడు. ఇక్కడ అలా కాదు. బర్మావాళ్ళు మోకాలెత్తున కోస్తారు. కింద నేల ఇంకా తడిగా ఉంటుంది. నిలబడి ఉన్న కొయ్యకాళ్ళ మీద పనలు పరిస్తే కిందనుంచి గాలి ఆడి, కంకి ఆరుతుంది. నాకిది ఎవరు చెప్పారు? మొదటిరోజు చేలో దిగి, మా నాన్న నేర్పినట్టు నేలకి అంటుకుని కోశాను. పది బారలు పోయాక తలెత్తి చూస్తే జట్టంతా నడుం మీద చేతులేసుకుని నన్నే చూస్తోంది.

"ఓలమ్మో, ఈ గుంట నేలని గొరిగేత్తందర్రా!" అన్నాడొకడు. గుంటంటే మా యాసలో ఆడపిల్ల.

ఇంక చూడండి నవ్వులు. మా ఆయన కూడా నవ్వాడు, ఆయన సంగతి రాత్రి కూటి దగ్గర తేల్చాను. కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళందరూ చేసే తప్పేనట ఇది. అప్ప కూడా నవ్వింది. పోనీలే పెద్దది కదా అని ఊరుకున్నాను.

రెండోరోజు నేను జాగ్రత్తగా మోకాలెత్తున కోస్తున్నాను. అప్ప మునుము నా పక్కనే. చూద్దును కదా, ఆవిడ నేలకి వంగి, మొదలంటా కోస్తోంది! పనలు తడి మట్టి మీద పరుస్తోంది. ఏటా వచ్చే మనిషికి ఆ మాత్రం తెలియదా? నన్ను వెక్కిరించడానికే అలా కోస్తోందనుకున్నాను. నిన్నటి నవ్వు చాలక ఇవాళ చేసి చూపిస్తోందన్నమాట! ఆ క్షణంలో ఒట్టు పెట్టుకున్నాను, ఈ జన్మలో ఆవిడతో మాట్లాడనని.

ఒట్టు మధ్యాహ్నం దాకా నిలిచింది. నీళ్ళు పంచే వంతు నాది. ఆవిడ గట్టు మీద కూర్చుని ఉంది. మాట్లాడకూడదు కాబట్టి చెంబు ఆవిడ మొహం ముందు పట్టుకుని నిలబడ్డాను. తీసుకోదే! మొహం నావైపే ఉంది, నవ్వుమొహం. నాకింకా మండింది. చెంబు ముక్కుకి తగిలేంత దగ్గరికి జరిపాను. రెప్ప కదల్లేదు.

"ఆ గుంట నీలట్టుకుని ఇంకా రానేదేటి? గొంతెండిపోతంది," అంది, పక్కనెవరో ఉన్నట్టు అటు తిరిగి. పక్కన ఎవరూ లేరు.

చెంబు వంగి నీళ్ళు ఆవిడ కాళ్ళ మీద ఒలికాయి.

"ఎవులది?"

"నానే అప్పా."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని కిందకి లాగి కూర్చోబెట్టింది. ఆ పట్టుకి నా మణికట్టు కందిపోయింది. "నోరెత్తినావంటే సంపేత్తాను," అంది, మెల్లగా. ఆ తర్వాత ఆ పట్టు దానంతటదే వదులైంది. రెండేళ్ళుగా కళ్ళు మసకేనట. పోయిన వానాకాలంలో పొరలు పూర్తిగా కమ్మేశాయి. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. ఓడలోనూ గట్ల మీదా ముందువాడి భుజం మీద చెయ్యేసి నడిచింది. ఓడ ఊగుతుందని, గట్టు జారుతుందని అందరూ అలాగే నడుస్తారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. చేలో నా కొడవలి చప్పుడు పట్టుకుని తన వరస తిన్నగా పోతోంది.

"మరి కిందకెందుకు కోత్తన్నావు?" అన్నాను.

"నేల తగిల్తే ఎక్కడున్నానో నాకు తెలుత్తాది. పైన గాలిలో ఏటట్టుకోనే నాను?"

ఒక్కసారిగా ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే తిట్టాను కూడా. ఇలాంటి కళ్ళేసుకుని సముద్రం దాటి రావడమేమిటి, చెయ్యి తెగితే ఎవరు దిక్కు అని. ఆవిడ అంతా విని, నా మాటలు అయిపోయాక అంది. "మేస్త్రీకి తెలిత్తే ఒచ్చే ఓడకే ఎక్కించెత్తాడు. ఆ అరుగు మీద మూలకి నానెల్లనే. వాలు పారేసింది తిని, వాలు తిట్టింది ఇని బతకను. నా కూడు నాను తినాల. అంతే."

మేస్త్రీ చెడ్డవాడు కాదు. కానీ కోయలేని మనిషిని ఏ జట్టూ మొయ్యదు, ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. నా కడుపులో మాట దాగిందంటే ఇప్పటికీ మా వాళ్ళెవరూ నమ్మరు.

మర్నాడే గొడవ వచ్చింది. పొలం ఆసామి బర్మా పెద్దాయన, అందరం ఆయన్ని ఊజీ అని పిలిచేవాళ్ళం. ఆయన గట్టు వెంట వస్తూ అప్ప మునుము దగ్గర ఆగాడు. ఒక పన ఎత్తి చూశాడు. కంకులు తడిసి మట్టి కొట్టుకున్నాయి. అరిచే మనిషి కాదు ఆయన. ఆ పనని మేస్త్రీ చేతిలో పెట్టి నెమ్మదిగా నాలుగు మాటలన్నాడు. మేస్త్రీ మొహం మాడిపోయింది. తర్వాత మాకు తెలుగులో చెప్పాడు. ఆ రోజుతో కలిపి నాలుగో రోజు పొద్దున్న ఊజీ మళ్ళీ వస్తాడు, అప్ప మునుములో పనలు నేల మీద కనబడితే ఆ మనిషి తన పొలంలో ఉండడానికి వీల్లేదు. ఊజీ తప్పేమీ లేదు. ఏడాది పంట ఆయనది.

"ఏటప్పా, కొత్త గుంటలాగ ఏటీ ఏసాలు?" అన్నాడు మేస్త్రీ.

"అలవాటు బాబూ. సరి సేసుకుంతాను," అంది అప్ప. గొంతులో ఏ తేడా లేదు.

ఆ పూటంతా నా బుర్ర తిరుగుతూనే ఉంది. కోసిన చోట నడుస్తుంటే కొయ్యకాళ్ళు మోకాలి కింద గుచ్చుకుంటున్నాయి. అప్పుడు తట్టింది. ఆవిడకి నేల కావాలి. కింద నేల పనికిరాకపోతే, తన మోకాలే నేల చేసుకోవచ్చు కదా! మోకాలు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటుంది. దాన్ని వెతుక్కోవడానికి కళ్ళక్కర్లేదు.

మేస్త్రీ మధ్యాహ్నం కూడు తిని ఊజీ ఇంటి చావిట్లో కునుకు తీసేవాడు. జట్టంతా చెట్ల కింద ఒరిగేది. అప్పుడు ఇద్దరం చేను చివరికి పోయేవాళ్ళం. ఎడమ పిడికిట్లో దుబ్బు పట్టుకుని, ఆ మణికట్టు ఎడమ మోకాలికి ఆనించి, పిడికిలి కిందనుంచి కొడవలి లాగాలి. చెప్పడం ఎంత తేలిక! మొదటి మధ్యాహ్నమే కొడవలి మొన మోకాలి కింద ముంగాలిని కోసేసింది. రక్తం చూసి నేను కెవ్వుమన్నాను. ఆవిడ నా నోరు మూసి, చెంగు చింపి కట్టుకుని, "ఇంకోసారి సూపించు," అంది.

రెండోరోజు మా జట్టుకి వండిపెట్టే వంటదాని దగ్గర నీళ్ళు ముంచుకునే లావుపాటి వెదురు గొట్టం ఎత్తుకొచ్చాను. నిలువునా చీల్చి, ఒక సగం ఆవిడ ముంగాలికి తాళ్ళతో కట్టాను. ఇప్పుడు కొడవలి దగ్గరికొస్తే వెదురుకి తగిలి టక్కుమంటుంది, ఆవిడ వెంటనే చెయ్యి సవరించుకుంటుంది. సాయంత్రం అది చూసి జట్టులో అందరూ అడిగారు, ఆ గొట్టమేమిటని. "పాములున్నాయి," అంది ఆవిడ, చుట్ట నములుతూ. ఆ మాట నమ్మి మర్నాటికి ఇద్దరు మగవాళ్ళు కూడా వెదుళ్ళు కట్టుకొచ్చారు. నవ్వాపుకోలేక నాకు ఊపిరాడలేదు. వంటది మాత్రం గొట్టం ఏమైందని జట్టందరినీ తిడుతూనే ఉంది. నేనూ ఆవిడతో కలిసి దొంగని తిట్టాను.

పొద్దుటి పూట కోతలో ఆవిడ చెయ్యి నేలని వెతుక్కుంటూ కిందకి జారేది. అప్పుడు నేను దగ్గేదాన్ని. జారి నేల మీద పడ్డ పనల్ని మేస్త్రీ అటు తిరగగానే ఎత్తి నా కొయ్యకాళ్ళ మీద పరిచేదాన్ని. దానివల్ల నా మునుము వెనకబడింది, మేస్త్రీ చేత మాటలు పడ్డాను. పడనీ. నా పక్కన ఒక మనిషి ముప్పై ఏళ్ళ నుంచీ కళ్ళతో చూసి కోసి ఒంటికి పట్టిన కోతని మూడు రోజుల్లో ఒంటినుంచి తీసేసి, కొత్త కోత నేర్చుకుంటోంది. అదీ చీకట్లో. దెబ్బ మీద దెబ్బ తగులుతున్నా ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. మూడో మధ్యాహ్నం వెదురు టక్కుమనడం తగ్గిపోయింది. కొడవలి చప్పుడు మాత్రమే వినిపించింది, ఆగకుండా, ఒకే లయలో. నేను పని మానేసి వింటూ నిలబడ్డాను. ఓడలో విన్న మాటలన్నీ తక్కువే అనిపించింది.

నాలుగో రోజు పొద్దున్న ఊజీ వచ్చాడు, వెంట ఆయన భార్య కూడా. అప్ప మునుము అప్పటికి సగం దాటింది. నా మునుము నేను చూడకుండానే కోసుకుపోతున్నాను. ఊజీ వరస మొదట్లో నిలబడి చూశాడు. చూసి చూసి కూర్చున్నాడు. అరచెయ్యి చాచి కొయ్యకాళ్ళ మీదుగా జరిపాడు. ఎక్కడా ఎత్తుపల్లం లేదు. మేం కళ్ళున్నవాళ్ళం కోసింది చూడబోతే ఒకచోట తొడ దాకా, ఇంకోచోట పిక్క దాకా. ఆవిడది మాత్రం ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకటే ఎత్తు. పనలు దాని మీద ఆరబెట్టిన చీరంత నున్నగా పరుచుకున్నాయి.

"కౌండే, కౌండే," అన్నాడు ఊజీ. బాగుంది అని. భార్యని కూడా పిలిచి చూపించాడు. మేస్త్రీతో ఏదో చెప్పాడు. మేస్త్రీ మొహం వెలిగిపోయింది. చేతిలో గొడుగు ఊపుతూ జట్టు మొత్తాన్ని గట్టు దగ్గరికి పిలిచాడు.

"అప్పా! రేపటేల నుంచి ఏటి ఒడ్డు పెద్ద సేను మనదే. మొదటి మునుము నీది. అందరూ నీ ఎత్తున కొయ్యాలని ఊజీ సెప్పినాడు."

జట్టంతా కేకలు పెట్టింది. నేనైతే గంతులేశాను. మొదటి మునుము అంటే మాటలా! కోతవాడికి అంతకన్నా పైమెట్టు లేదు. ఇంక ఆవిడని జట్టులోంచి తీసే ధైర్యం ఎవడికుంటుంది? వచ్చే ఏడాది మేస్త్రీ తనే ఆ ఊరు వెళ్ళి బతిమాలి తీసుకొస్తాడు. అరుగూ లేదు, మూలా లేదు. గెలిచేశాం అనుకున్నాను.

అప్ప కదల్లేదు. కొడవలి తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"నాను పట్టను," అంది.

"ఏటి?" అన్నాడు మేస్త్రీ.

మొదటి మునుము పట్టిన మనిషి ఒళ్ళు వంచి కోయడం ఒక్కటే కాదు. ముందు తనే నిలువు చేలోకి దిగాలి. పాము చుట్టుకుని ఉందా, గొయ్యి ఉందా, చూసి కేక వెయ్యాలి. వెనక పదిహేడు మంది ఆ కేకని నమ్ముకుని తలవంచుకుని కోసుకుంటూ వస్తారు. ఆ చేలల్లో పొడపాములు, రక్తపింజరలంటారే అవి, చాలా ఎక్కువ. ఏటా ఏదో ఒక జట్టులో ఒకరు పోతూనే ఉండేవారు. నాకిదంతా ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. ఆవిడకి వచ్చింది. నేను వెళ్ళి ఆవిడ చెయ్యి గిల్లాను, నోరు మూసుకోమని. నా చెయ్యి తీసి పక్కన పెట్టింది.

"ముందు నడిసే మనిసికి కళ్ళుండాల బాబూ. నాకు నేవు. ఇప్పుడు నీ మొకం కూడా కనబడదు నాకు. నా యెనక ఇంతమంది పిల్లలొత్తారు. ఆల పేనాలు నా సేతిలో ఎట్టకు."

మా ఆయన నావైపు చూశాడు, నీకు తెలుసా అన్నట్టు. నేను మేస్త్రీ మీదికి వెళ్ళాను. "ఈవిడ్ని పంపిత్తే నన్ను కూడా పంపించు! ఆ కొయ్యకాళ్ళు సూడు, నీ కళ్ళతో నువ్వలగ కొయ్యగలవేటి? కోసి సూపించు!" అని ఏమేమో అరిచాను. ఏడుపు వల్ల సగం మాటలు నాకే అర్థం కాలేదు.

మేస్త్రీ గొడుగు మూసి గట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపు ఆ మునుము వైపే చూశాడు. ఊజీ ఏమైందని అడిగితే చెయ్యి ఎత్తి ఆగమన్నాడు.

"ఇదంతా సూడకుండానే కోసినావా?"

"ఊఁ."

"ఎన్నాల్లయి?"

"ఈ సేలో దిగిన కాడ్నించి."

మేస్త్రీ లేచాడు. ఊజీ దగ్గరికి వెళ్ళి బర్మాలో చెప్పాడు, దాచకుండా, అప్ప కళ్ళవైపు చూపిస్తూ. ఊజీ నమ్మలేదు. దగ్గరికొచ్చి ఆవిడ ముంగాలికున్న వెదురునీ, దాని మీది గాట్లనీ వేలితో తడిమి చూశాడు. తర్వాత మేస్త్రీతో ఒక్క మాటే అన్నాడు. మేస్త్రీ ఇటు తిరిగాడు.

"రెండో మునుము పట్టు అప్పా. ఎత్తు నువ్వే సెప్పు, అందరూ అదే కోత్తారు. మొదటిది ఈ గుంటకిచ్చీ. పాము కనబడితే రంగం దాకా ఇనబడేలాగ అరుత్తాది."

అందరూ నవ్వారు. అప్ప నవ్వలేదు. ఉన్నచోటనే కూలబడి, కొడవలి పక్కన పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. అన్ని దెబ్బలకి ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

మర్నాడు ఎండ ఎక్కకముందే పెద్ద చేలో దిగాం. వరి నా రొమ్ముల దాకా ఉంది. మొదటి మునుములో నేను, అడుగు వెనక, పక్క వరసలో ఆవిడ. కళ్ళు పెద్దవి చేసుకుని అంగుళం అంగుళం చూస్తూ నడుస్తున్నాను.

"నోరు కట్టేసుకున్నావేటే? ఏటి కనబడతందో సెప్పుకుంటూ నడువు," అంది వెనకనుంచి.

చెప్పాను. ఎలకబొరియ ఉందన్నాను. కొంగలు లేచాయన్నాను. దూరంగా కిరసనూనె కర్మాగారం పొగ, ఏట్లో తెరచాప పడవ, పడవలో గొడుగేసుకున్న మనిషి, ఏది కనబడితే అది చెప్పుకుంటూ కోశాను. వెనకనుంచి ఆవిడ కొడవలి చప్పుడు ఆగకుండా వస్తోంది.

"ఇంకేటి కనబడతంది?"

"ఇంకా సేనే అప్పా. ఏటి దాకా సేనే."

"ఐతే కొయ్యి," అంది.